నలుగురికి ఏడు వేలలో వరంగల్: శని, ఆదివారాలు ఎలా గడపాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. డిసెంబరులో ఒక శని, ఆదివారాలు. మల్కాజిగిరి నుంచి మీరు, మీ శ్రీమతి, తొమ్మిదేళ్ళ అమ్మాయి, గుంటూరు నుంచి వచ్చి మీ దగ్గర ఉంటున్న అమ్మగారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. మొత్తం ఖర్చు ఏడు వేలు దాటకూడదు. చూడాలనుకుంటున్నవి వేయిస్తంభాల గుడి, కోట, భద్రకాళి, రామప్ప గుళ్ళు, లక్నవరం, పాకాల చెరువులు, బొగత జలపాతం, దారిలో యాదగిరిగుట్ట. సొంత కారు తేవాలా, బస్సా, రైలా, ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి అని అడిగారు. నేను హనుమకొండలో పుట్టి పెరిగినవాడిని. చుట్టాలు వచ్చినా స్నేహితులు వచ్చినా ఊరు చూపించే పని మా ఇంట్లో ఎప్పుడూ నాదే. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు మీ జాబితాలో సగం కొట్టేయండి. ఓరుగల్లులో చూసేవాటికి పెద్దగా డబ్బు కాదు. వేయిస్తంభాల గుడికి టికెట్టు లేదు, భద్రకాళి గుడికి లేదు. కోటలో టికెట్టు ఉంది కానీ మీ ముగ్గురు పెద్దవాళ్ళకు కలిపి వంద రూపాయలలోపే అవుతుంది. పురావస్తు శాఖ ప్రదేశాలలో పదిహేనేళ్ళలోపు పిల్లలకు టికెట్టు ఉండదు కాబట్టి అమ్మాయికి అక్కర్లేదు. ఇక్కడ డబ్బు పోయేదంతా దూరాలకే. ఏ దిక్కుకు వెళ్తున్నామో, ఆ దిక్కున ఒక్కసారి వెళ్ళి వస్తే ఎన్ని చూడవచ్చో లెక్క వేసుకున్నవాళ్ళకు వరంగల్ చవక. లేదంటే ఆటోలకు, కార్లకు ఇచ్చుకుంటూ పోవడమే సరిపోతుంది.

పాకాల చెరువు నర్సంపేట వైపు, రామప్ప ములుగు వైపు. రెండూ కాకతీయ రాజు గణపతిదేవుని కాలంనాటివే అయినా రెండూ వేరు దారులు, ఒకే రోజులో కలపవద్దు. పాకాలను ఈసారికి వదిలేయండి. బొగత జలపాతం ఏటూరునాగారం దాటి, వాజేడు మండలంలో, దాదాపు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గర ఉంటుంది. హనుమకొండ నుంచి వెళ్ళడానికే 130 కిలోమీటర్ల పైన ప్రయాణం. పైగా అది వానాకాలపు జలపాతం. డిసెంబరులో అంత దూరం వెళ్ళి సన్నని ధార చూసి రావడం మీ అమ్మగారికి శిక్ష. దాన్ని ఆగస్టు, సెప్టెంబరులకు వేరుగా పెట్టుకోండి. యాదగిరిగుట్టలో శని, ఆదివారాలు దర్శనానికే సగం రోజు పట్టవచ్చు. అది మీకు హైదరాబాదు నుంచి ఒక పూటలో వెళ్ళి రాగలిగిన చోటు, మామూలు రోజు ఒకటి చూసుకుని వెళ్ళండి.

మిగిలినవాటిలో ఖాయమైనవి నాలుగు. శనివారం ఊళ్ళో వేయిస్తంభాల గుడి, కోట, భద్రకాళి. ఆదివారం రామప్ప. లక్నవరం గురించి తర్వాత చెప్తాను, అది మీరు ఎలా ప్రయాణిస్తారన్నదానిమీద ఆధారపడి ఉంటుంది.

ఇక కారు సంగతి. మల్కాజిగిరి నుంచి హనుమకొండ రానుపోను సుమారు 290 కిలోమీటర్లు, రామప్పకు రానుపోను మరో 130 పైన, ఊళ్ళో తిరుగుడు కొంత. మొత్తం 450 అనుకోండి. లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇచ్చే బండి అయితే ముప్పై లీటర్ల పెట్రోలు, అంటే మూడు వేల పైచిలుకు. దారిలో బీబీనగర్ దగ్గర గూడూరులో, జనగామ దాటాక కొమళ్ళలో టోల్‌గేట్లు. రెండు రోజుల మీ మొత్తం డబ్బులో సగం ఇంజనులోకే పోతుంది. మీరే నడపాలి కూడా. నా సలహా, కారు ఇంట్లోనే ఉంచండి.

బస్సూ రైలూ రెండూ చవకే. ఉప్పల్ నుంచి హనుమకొండకు ఆర్టీసీ బస్సులు తెల్లవారుజాము నుంచీ వరసగా ఉంటాయి. ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు టికెట్టు డబ్బులు లేవు. 2023 డిసెంబరు నుంచి ఇది అమలులో ఉంది. ఇందులో రెండు విషయాలు చూసుకోవాలి. సూపర్ లగ్జరీ, డీలక్స్ ఎక్కితే ఇది వర్తించదు, ఎక్కే ముందే బోర్డు చూడండి. రెండోది, అమ్మగారి ఆధార్ కార్డు గుంటూరు చిరునామాతోనే ఉందన్నారు కాబట్టి ఆవిడకు టికెట్టు తీసుకోవాల్సిందే. మీ శ్రీమతి, అమ్మాయి మాత్రం అసలు ఆధార్ కార్డులు వెంట పెట్టుకుని కండక్టరు దగ్గర సున్నా టికెట్టు అడిగి తీసుకోవాలి. టికెట్టు లేకుండా కూర్చోకూడదు.

డబ్బు ఒక్కటే చూస్తే బస్సే గెలుస్తుంది. అయినా మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ ఉన్నారు కాబట్టి నేను రైలు అంటాను. ఎక్స్‌ప్రెస్ బస్సులో మూడు, మూడున్నర గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. మధ్యలో దిగి నడవడానికి, బాత్రూముకు వెళ్ళడానికి డ్రైవరు ఆపినప్పుడే వీలు. రైలులో లేచి నాలుగడుగులు వేయవచ్చు. సికింద్రాబాదు మీకు దగ్గర. పొద్దున విజయవాడ వైపు, కాగజ్‌నగర్ వైపు వెళ్ళే పగటి బండ్లు ఉంటాయి, రెండు, రెండున్నర గంటల్లో కాజీపేట. రెండో తరగతి సీటింగులో రిజర్వేషనుతో కూడా మనిషికి వంద రూపాయల దరిదాపుల్లోనే. నలుగురికీ నాలుగు వందల చుట్టూ అవుతుంది. జనరల్ టికెట్టుతో ఇంకా తగ్గుతుంది కానీ శనివారం పొద్దున ఆ పెట్టెలో అమ్మగారికి సీటు దొరుకుతుందని నేను మాట ఇవ్వలేను. ఆ కొద్ది రూపాయలూ రిజర్వేషనుకు పెట్టండి.

కాజీపేటలో దిగాలా, వరంగల్‌లోనా? బయటి ఊళ్ళవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. కాజీపేట, హనుమకొండ, వరంగల్ ఒకదానికొకటి ఆనుకున్న మూడు ఊళ్ళు. కాజీపేట జంక్షను, ఢిల్లీ వైపు వెళ్ళే దారీ విజయవాడ వైపు వెళ్ళే దారీ అక్కడే విడిపోతాయి. కాగజ్‌నగర్ వైపు బండ్లు వరంగల్ స్టేషనుకు రావు. రెండు స్టేషన్ల మధ్య పది కిలోమీటర్లు, హనుమకొండ వాటి నడుమ ఉంటుంది. కాబట్టి మీకు ఏ స్టేషనైనా ఒకటే. రైలు వేళ నచ్చినదానికి టికెట్టు తీసుకోండి. స్టేషను బయట షేరింగు ఆటోలు హనుమకొండ చౌరస్తాకు తిరుగుతూనే ఉంటాయి. సామానుతో నలుగురు కాబట్టి ఆటో మొత్తం మాట్లాడుకున్నా పెద్ద ఖర్చు కాదు.

ఉండేది హనుమకొండలోనే ఉండాలి. ఇది పట్టుబట్టి చెప్తున్నాను. ఫోనులో గదులు వెతికేటప్పుడు 'వరంగల్' అని పెడితే స్టేషను దగ్గరివి, హంటర్ రోడ్డువి, ఊరి చివర హైవే మీదవి అన్నీ కలిపి చూపిస్తుంది. వంద, రెండు వందలు తక్కువ అని హైవే మీది గది తీసుకుంటే ప్రతిసారీ ఊళ్ళోకి రావడానికి ఆటోకు అంతకు రెండింతలు ఇస్తారు. హనుమకొండ బస్టాండు, చౌరస్తా, నక్కలగుట్ట, ఈ మూడింటి మధ్య ఎక్కడైనా సరే. వేయిస్తంభాల గుడి దగ్గర, భద్రకాళి దగ్గర, ఆదివారం ములుగు బస్సు ఎక్కే బస్టాండు దగ్గర. పర్యాటక శాఖవారి హరిత కాకతీయ నక్కలగుట్టలో ఉంది, గదులు పెద్దవి, శుభ్రంగా ఉంటాయి. కానీ మీ లెక్కకు అది కొంచెం పైన. బస్టాండు చుట్టుపక్కల మామూలు లాడ్జీల్లో నాన్ ఏసీ గది, ఒక అదనపు పరుపుతో, పదిహేను వందల నుంచి పద్దెనిమిది వందల మధ్య మాట్లాడుకోవచ్చు. డిసెంబరులో ఏసీ అవసరం లేదు. వేడినీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయో మాత్రం అడగండి.

గది తీసుకునేటప్పుడు ఇంకో మూడు సంగతులు. ఒకటి, లిఫ్టు ఉందా, లేకపోతే కింది అంతస్తులో గది ఇస్తారా. అమ్మగారి కోసం ఇది అన్నిటికన్నా ముందు అడగాలి. రెండు, ఆ లాడ్జిలో ఇరవై నాలుగు గంటల లెక్కా, లేక మధ్యాహ్నం పన్నెండు లెక్కా. మీరు శనివారం పొద్దున తొమ్మిది, పది మధ్య చేరతారు. పన్నెండు లెక్క అయితే గది కోసం వరండాలో కూర్చోవాలి, లేదా అదనంగా ఇవ్వాలి. ఇరవై నాలుగు గంటల లెక్క అయితే చేరగానే గది ఇస్తారు, ఆదివారం పొద్దునే మీరు ఎలాగూ ఖాళీ చేసి వెళ్తారు. మూడు, ఖాళీ చేశాక బ్యాగులు సాయంత్రం దాకా కౌంటరు దగ్గర పెట్టుకోనిస్తారా. చాలామంది ఒప్పుకుంటారు, కానీ ముందే అడిగి పెట్టుకోవాలి.

మీరు వచ్చే వారంలో పెళ్ళి ముహూర్తాలు ఉన్నాయేమో పంచాంగంలో చూసుకోండి. హనుమకొండలో ఫంక్షన్ హాళ్ళు ఎక్కువ, ముహూర్తం బలంగా ఉన్న శనివారం లాడ్జీలన్నీ పెళ్ళివారితో నిండిపోతాయి. ఆ రోజు రేట్లు కూడా వేరుగా ఉంటాయి.

శనివారం ఇలా నడపండి. గదిలో స్నానాలు, టిఫిను అయ్యాక పదకొండు గంటల ప్రాంతంలో వేయిస్తంభాల గుడి. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు ఒకే మండపానికి తెరుచుకుంటాయి. ఎదురుగా ఒకే నల్లరాతిలో చెక్కిన నంది. నందికి అవతల ఉన్న కల్యాణమండపాన్ని విప్పి, రాయి రాయి పేర్చి మళ్ళీ కట్టారు. ఆ పని ఏళ్ళ తరబడి సాగి 2024 మార్చిలో తెరిచారు. మా తరం పిల్లలకు అక్కడ రాళ్ళ గుట్టలే గుర్తు. ఇప్పుడు మండపం లోపల నిలబడి ఆ స్తంభాల నునుపును చేత్తో తాకి చూస్తే, చేతి ఉలితో రాయిని ఇంత అద్దంలా ఎలా తీశారో అనిపిస్తుంది. తొందరపడకుండా గంటన్నర ఉండండి. కార్తీక సోమవారాలు, శివరాత్రి తప్ప గుడిలో ఊపిరాడనంత జనం ఉండరు. ఆవరణలో మెట్లు కొన్ని ఉన్నాయి, అమ్మగారు మెల్లగా ఎక్కగలిగినవే.

మధ్యాహ్నం భోజనం. హనుమకొండ చదువుల ఊరు. కాకతీయ విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల, 1959 నుంచీ ఉన్న మన నిట్, వాటి చుట్టూ లెక్కలేనన్ని కోచింగు కేంద్రాలు. విద్యార్థులు ఎక్కడుంటే అక్కడ మెస్సులు ఉంటాయి. నయీంనగర్, కేయూ క్రాస్‌రోడ్డు, సుబేదారి వైపు మెస్సుల్లో అన్నం, పప్పు, రెండు కూరలు, పచ్చిపులుసు, పెరుగు కడుపునిండా పెడతారు. హోటలు భోజనంలో సగం ధర. రద్దీగా ఉన్న మెస్సు చూసుకుని వెళ్ళండి, అదే గుర్తు. రాత్రికి చౌరస్తా వైపు జొన్నరొట్టెలు కాల్చే బండ్లు, చిన్న కొట్లు ఉంటాయి. సర్వపిండి దొరికితే వేడిగా ఉన్నప్పుడే తినండి. చల్లారితే దాని రుచే వేరైపోతుంది.

తిన్నాక గదికి వచ్చి అమ్మగారిని ఒక గంటైనా నడుం వాల్చనివ్వండి. సాయంత్రం కోటలో నడక ఉంటుంది, ఆ విశ్రాంతి అప్పుడు పనికొస్తుంది.

మూడున్నరకు కోటకు బయలుదేరండి. హనుమకొండ నుంచి వరంగల్ ఆరేడు కిలోమీటర్లు, అక్కడి నుంచి కోట ఇంకో రెండు, మూడు. షేరింగు ఆటోలో వరంగల్ దాకా వెళ్ళి మారవచ్చు. కానీ ఈ ఒక్క పూటకు ఆటో మాట్లాడుకోండి. కోటలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తిప్పి, అక్కడి నుంచి భద్రకాళికి, మళ్ళీ గదికి. ఆరేడు వందల్లో ఒప్పుకుంటారు. ఎక్కే ముందే ఎన్ని చోట్లు, ఎంతసేపు ఆగాలి అన్నది స్పష్టంగా చెప్పండి, దిగాక వాదన ఉండదు.

కోట అంటే గోల్కొండలా కొండ ఎక్కాలేమో అని మీ అమ్మగారు భయపడుతూ ఉండవచ్చు. ఇది నేలమీది కోట. మూడు ప్రాకారాలు, ఒకటి లోపల ఒకటి, బయటివి మట్టికట్టలు, లోపలిది రాతిగోడ. గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తి చేసింది. లోపల ఇప్పటికీ ఊరు ఉంది, ఇళ్ళు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి. ప్రాకార ద్వారాల మెలికలోంచి రోడ్డు లోపలికి వెళ్తుంది, ఆటో దానిగుండానే పోతుంది. ఆ మెలికలు శత్రువు ఏనుగులు తిన్నగా పరుగెత్తుకు రాకుండా పెట్టినవని అమ్మాయికి చెప్పండి, గోడను చూసే చూపే మారిపోతుంది.

నడుమ ఉన్న మైదానంలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. తెలంగాణ రాజముద్రలో చార్మినారుతో పాటు ఉండే తోరణం ఇదే. అమ్మాయి బడి పుస్తకం అట్టమీద చూసే ఉంటుంది, ముద్ర ఫొటో ఫోనులో పెట్టుకుని వెళ్ళి అసలుతో పోల్చమనండి. తోరణాల నడుమ ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉండేది. 1323లో తుగ్లకుల సేనలు కోటను పట్టుకున్నాక అది నేలమట్టమైంది. విరిగిన స్తంభాలు, దూలాలు, నంది విగ్రహాలు ఇప్పుడు మైదానంలో వరుసగా పేర్చి ఉంటాయి. చాలామంది తోరణం దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారు. మీరు అలా చేయకండి. ఆ విరిగిన రాళ్ళ మధ్య నెమ్మదిగా నడవండి. వేయిస్తంభాల గుడిలో పొద్దున నిండుగా చూసిన పనితనమే ఇక్కడ ముక్కలుగా నేలమీద దగ్గరగా కనిపిస్తుంది. చూరు మీద, కళ్ళకు అందని ఎత్తులో ఉండాల్సిన చెక్కడం ఇక్కడ మోకాలి ఎత్తులో ఉంటుంది. కాకతీయుల శిల్పాన్ని పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. సాయంత్రపు ఎండ పక్కనుంచి పడినప్పుడు ఆ గీతలన్నీ లేచి నిలబడతాయి, నాలుగు గంటలకు రమ్మన్నది అందుకే.

కొద్ది దూరంలో ఖుష్ మహల్, ఏటవాలు గోడల పెద్ద సభామందిరం, చూడటానికి పావుగంట చాలు. ఏకశిల గుట్టకు మెట్లు ఉన్నాయి. మీరూ అమ్మాయీ ఎక్కండి, అమ్మగారు కింద చెట్ల నీడన కూర్చుంటారు. చీకటి పడ్డాక కోటలో ధ్వని, కాంతుల ప్రదర్శన ఉంటుంది. ఆ రోజు తెలుగు ప్రదర్శన ఎన్ని గంటలకో టికెట్టు కౌంటరులో అడగండి. దానికి ఆగితే భద్రకాళి దర్శనం ఆలస్యమవుతుంది. నన్నడిగితే అమ్మగారు ఉన్న కుటుంబం భద్రకాళికే వెళ్ళాలి. మధ్యాహ్నం పూట గుడి మూసి ఉంటుంది కాబట్టి దానికి సాయంత్రమే తగిన వేళ. దర్శనం అయ్యాక చెరువుకట్ట మీద కాసేపు కూర్చోండి. ఊరంతా సాయంత్రం అక్కడే ఉంటుంది.

ఆదివారం రామప్ప. ఈ రెండు రోజుల ప్రయాణంలో చెయ్యి వెనక్కి తీసుకోకుండా ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే.

హనుమకొండ బస్టాండు నుంచి ములుగు 50 కిలోమీటర్ల చిల్లర. బస్సులు పొద్దున్నుంచీ ఎక్కువగా ఉంటాయి, ఏటూరునాగారం, మంగపేట వైపు వెళ్ళేవన్నీ ములుగు మీదుగానే పోతాయి. రామప్పకు నేరుగా వెళ్ళే బస్సు మీ వేళకు ఉందేమో శనివారమే విచారణ కౌంటరులో అడిగి పెట్టుకోండి. లేకపోతే ములుగులో దిగి ఆటో మాట్లాడుకోండి. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగితే పాలంపేట, రామప్ప గుడి ఉన్న ఊరు అదే. వెళ్ళడం, రెండు గంటలు ఆగడం, తిరిగి ములుగులో దింపడం, మొత్తానికి ఎనిమిది, తొమ్మిది వందలు అడుగుతారు. తిరుగు ప్రయాణానికి అక్కడ ఆటోలు దొరుకుతాయిలే అని ఒకవైపుకే మాట్లాడుకుంటే ఎండలో నిలబడాల్సి వస్తుంది.

పొద్దున ఆరున్నర బస్సు పట్టుకోండి. తొమ్మిదిలోపు గుడి ముందు ఉంటారు. పదిన్నర దాటితే హైదరాబాదు నుంచి వచ్చే కార్లు, విహారయాత్ర బస్సులు నిండిపోతాయి, ఒక మదనిక (చూరు కింద నిలిపిన స్త్రీ శిల్పం) ముందు ప్రశాంతంగా నిలబడే వీలుండదు. చెప్పులు విడిచి తిరగాలి, మధ్యాహ్నానికి ఆ రాతి తిన్నె కాలిపోతుంది. అమ్మగారికి మందపాటి సాక్సులు తెచ్చుకోండి. గుడి మనిషి ఎత్తు తిన్నెమీద ఉంటుంది, మెట్లు ఎత్తుగా ఉంటాయి, ఇద్దరు చెరో వైపు పట్టుకోండి. లోపల నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, పైకి చూస్తూ నడవకూడదు.

గైడును మాట్లాడుకోండి. ఎంత తీసుకుంటారో ముందే అడిగి, గంటసేపు చెప్పాలని ఒప్పించుకోండి. గైడు లేకుండా రామప్ప ఒక అందమైన పాత గుడి, అంతే. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని, ప్రపంచ వారసత్వ గుర్తింపు 2021లో వచ్చిందని ఫోనులోనే చదువుకోవచ్చు. కానీ పునాది కింద ఇసుక నింపి కట్టారని, అందుకే నేల ఇలా కుంగి లేచినా గుడి నిలిచే ఉందని, శిఖరానికి వాడిన ఇటుక నీళ్ళలో తేలేంత తేలికని ఒకరు చూపిస్తూ చెప్తే పిల్లలకు మరపురాదు. బయట గోడ ఎర్రరాయి, మదనికలు నల్లరాయి. ఉలికి లొంగని ఆ నల్లరాతిలో దారం దూరేంత సన్నని సందులు ఎలా తీశారో దగ్గరుండి చూపిస్తారు. ఒక మదనిక కాళ్ళకున్న ఎత్తుమడమల పాదరక్షలు చూసి అమ్మాయి తప్పక నవ్వుతుంది. తిన్నె చుట్టూ ఏనుగుల వరుస ఉంటుంది, వాటిని పరిశీలించే పని ఆమెకు అప్పజెప్పండి, మీకు అరగంట తీరిక. స్తంభాలమీద నాట్యభంగిమలు చూడటం మరవకండి. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు పేరిణి నృత్యాన్ని మళ్ళీ నిలబెట్టడానికి ఈ శిల్పాలనే ఆధారం చేసుకున్నారు. నందిని చివరికి ఉంచుకోండి. ఒక్క క్షణంలో లేవబోతున్నట్టు, చెవులు రిక్కించి ఉంటుంది.

గుడి దగ్గర తినడానికి చిన్న బండ్లు తప్ప ఎక్కువ ఉండవు. హనుమకొండలోనే టిఫిను పొట్లాలు కట్టించుకుని, పులిహోరో పెరుగన్నమో పట్టుకెళ్ళండి. రామప్ప చెరువు దగ్గరే, కట్టమీద కూర్చుని తినవచ్చు. విస్తరాకులు, సంచులు తిరిగి తీసుకురండి, దయచేసి అక్కడ వదలకండి.

ఇప్పుడు లక్నవరం. అది రామప్ప నుంచి ఇంకా ముందుకు, చల్వాయి దగ్గర తిరిగి బుస్సాపూర్ మీదుగా లోపలికి వెళ్ళాలి. బస్సూ ఆటోలతో రామప్ప, లక్నవరం రెండూ ఒకే రోజు చేయడం నలుగురు యువకులకు సరే, మీ ఇంటివారికి కాదు. వేలాడే వంతెన మీ అమ్మాయికి తప్పకుండా చూపించాలనుంటే హనుమకొండ నుంచి ఆదివారం మొత్తానికి కారు మాట్లాడుకోండి, మూడు వేల దగ్గర అవుతుంది. అప్పుడు మీ ఏడు వేలు మరో వెయ్యి దాటుతాయి. ఆదివారం లక్నవరంలో జనం, పడవకు వరుస, పార్కింగు గొడవ ఉంటాయి. నేనైతే వదిలేస్తాను, రామప్పలో ఇంకో గంట ఉంటాను.

లెక్క చూద్దాం. రైలు రానుపోను ఎనిమిది వందలు. గది పదిహేడు వందలు. శనివారం ఆటోలు, స్టేషను ఆటోతో కలిపి ఎనిమిది వందలు. ములుగు బస్సుకు మీకూ అమ్మగారికీ రానుపోను మూడు వందల పైచిలుకు, మీ శ్రీమతికీ అమ్మాయికీ సున్నా. ములుగు ఆటో తొమ్మిది వందలు. తిండి రెండు రోజులకు నలుగురికి పదహారు వందలు. కోట టికెట్టు వందలోపు. ఇది ఆరు వేల రెండు వందలు. మిగిలిన ఎనిమిది వందల్లో గైడుకు ఇచ్చాక ఉన్నది జేబులోనే పెట్టుకోండి. అమ్మగారు అలసిపోయి బస్సు ఎక్కలేనంటే ములుగు నుంచి హనుమకొండ దాకా ఆటోనో కారో మాట్లాడుకోవడానికి అది పనికొస్తుంది. మోకాళ్ళకు ఇబ్బంది లేకపోతే ఆ డబ్బుతో వరంగల్ కొత్తవాడలో ఒక చిన్న దరీ (నేత తివాచీ) కొనుక్కోండి. ఓరుగల్లు దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) వచ్చింది, అక్కడ మగ్గాల మీద నేస్తున్నవారి దగ్గరే చూసి ఎంచుకోవచ్చు.

ఆదివారం తిరుగు రైలు టికెట్టు మాత్రం వెళ్ళే టికెట్టుతో పాటే ఈరోజే తీసుకోండి. ఆదివారం సాయంత్రం హైదరాబాదుకు తిరిగే విద్యార్థులు, ఉద్యోగులు అందరూ కాజీపేటలోనూ హనుమకొండ బస్టాండులోనూ ఉంటారు, అప్పుడు అమ్మగారికి సీటు కోసం వెతుక్కోవడం కష్టం. రామప్ప నుంచి రెండుకల్లా హనుమకొండ చేరితే బ్యాగులు తీసుకుని, టీ తాగి, అయిదు తర్వాతి రైలుకు నింపాదిగా వెళ్ళవచ్చు.

ఒకవేళ డిసెంబరు కుదరక జనవరికి మారిస్తే, అది మేడారం జాతర ఉన్న ఏడాదేనా అని చూసుకోండి. సమ్మక్క సారలమ్మల జాతర రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరుగుతుంది. జాతరకు కొన్ని వారాల ముందునుంచే ఆదివారాలు, బుధ, గురువారాలు జనం వెళ్ళి మొక్కులు చెల్లించుకుంటారు. ములుగు ముందు గట్టమ్మ గుడి దగ్గర ప్రతి బండీ ఆగుతుంది, అక్కడి నుంచే రద్దీ. ఆ రోజుల్లో రామప్పను శనివారానికి మార్చి, ఊళ్ళో చూసేవి ఆదివారానికి పెట్టుకోండి.